బతికున్న చెల్లికి బారసాల

చనిపోయిన మనిషిని ఒకసారి చూడాలని ఉందని నా తమ్ముడు లక్ష్మణరావు నన్ను అడిగేనాటికి, బరంపురంలో ఠాకురాణి యాత్ర మొదలై వారం దాటింది. ఆ చనిపోయిన మనిషి మా చెల్లెలు జయలక్ష్మి. ఆమె బస్సులో పట్టుమని గంట కూడా పట్టని గోపాల్‌పూర్‌లో, భర్తతోనూ మనుమలతోనూ ఎండుచేపల వ్యాపారంతోనూ నిక్షేపంగా ఉంది.

అయినా ఆమె చనిపోయిందన్నది మా ఇంటివరకూ నిజమే. నలభై ఏళ్ల కిందట ఆమె గోపాల్‌పూర్ రేవులో వయోజనులకు చదువు చెప్పడానికి వెళ్లి, అక్కడి జాలరి మసేనును రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకుంది. అప్పటికి మా నాన్న లేడు. ఇంటి పెద్ద హోదాలో లక్ష్మణరావు ఆమె పేరున దర్భలు పరిచి, పిండం పెట్టి, నీళ్లు వదిలి, పన్నెండో రోజున పెద్దబజారు వర్తకులందరికీ భోజనాలు పెట్టాడు. అంతటితో ఆగలేదు. ఏటా మహాలయ అమావాస్యనాడు మా తాతముత్తాతల పేర్ల తరువాత ఆమె పేరు కూడా చెప్పి తర్పణం విడిచాడు. ఏడాదికి ఆ ఒక్క ఉదయమే ఆ పేరు ఆ ఇంట్లో వినిపించేది. తక్కిన రోజుల్లో దాన్ని పలకడానికి వీల్లేదు.

నేను భారతీదేవిని, వాళ్లిద్దరికీ పెద్దదాన్ని. ఆ పన్నెండో రోజున నేను భంజనగర్‌లో పాఠాలు చెప్పే బాలికల పాఠశాలకు సెలవు పెట్టి వచ్చి, విస్తళ్లు వేసిన పందిరిలో నిలబడి, "ఇది హత్య" అని అందరికీ వినిపించేటట్టు చెప్పి, తిరుగు బస్సు ఎక్కాను. చెల్లెలి ఇంటికి వెళ్లడం ఏనాడూ మానలేదు. నేను చదువుకున్న కాన్వెంటులో మదర్ సుపీరియర్, తప్పు చేసినవారు నడవవలసిన వరస నేర్పింది: మొదట నోటితో ఒప్పుకోలు, తరువాత పరిహారం, ఆ తరువాతే క్షమ. ఆమె దేవుణ్ణి నేను బడి దాటించి ఇంటికి తెచ్చుకోలేదు. మా అమ్మ దేవుళ్లనూ దండం పెట్టి దూరంగానే ఉంచాను. ఆ వరసను మాత్రం జీవితమంతా విడువలేదు. నా తమ్ముడు మొదటి మెట్టు ఎక్కేరోజు కోసం నేను ఓర్పుతో కాదు, పట్టుదలతో ఎదురుచూశాను.

ఆ చైత్రంలో అతని గుండె బాగా బలహీనపడి, కాళ్లకు నీరు దిగింది. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోవడం మంచిదని డాక్టర్లు చెప్పేశారు. పసుపు గోదామును ఆనుకొని ఉన్న పాత ఇంటిలో, వీధి గదిలో, కిటికీ పక్కన మంచం వేశారు. వ్యాపారం కొడుకు కిరణ్ చూసుకొనేవాడు, మందులూ పథ్యమూ కోడలు సాయిసుధ. తమ్ముడి భార్య పోయి చాలాకాలమైంది. ఉద్యోగం విరమించి బరంపురంలోనే ఉంటున్న నేను సాయంత్రాలు వెళ్లి కూర్చొనేదాన్ని. ఆ ఇంట్లో ఏ గోడకు చెయ్యి ఆనించినా పసుపు అంటుతుంది.

మా ఊరి యాత్ర గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బూఢీ ఠాకురాణి రెండేళ్లకు ఒకసారి గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. చేనేతవారి పెద్ద అయిన దేశిబెహరా వీధి ఆమె పుట్టిల్లు. ఆమె అక్కడున్నన్ని రోజులూ ఆడవాళ్లు ఆమెను ఘటాలలో నిలిపి, నెత్తిన పెట్టుకొని, డప్పులతో వీధివీధీ తిప్పుతారు. ప్రతి గుమ్మంలోనూ ముగ్గు వేసి, ఘటం మోసేవారి కాళ్లమీద పసుపునీళ్లు పోస్తారు. ఊరంతటికీ ఆడపడుచు ఇంటికి వచ్చినట్టే.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ ఘటాలు పెద్దబజారులోకి వచ్చాయి. యాత్ర కమిటీకి పసుపు బస్తాలు పంపడమే తప్ప, నా తమ్ముడు ఎన్నడూ కుర్చీలోనుంచి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది లేదు. ఆ రోజు మాత్రం దిండ్లు ఎత్తు చేయించుకొని కిటికీలోనుంచి చూస్తూ ఉండిపోయాడు. సాయిసుధ వంగి నీళ్లు పోస్తున్నది. డప్పులు వీధి మలుపు తిరిగాక అతను నావైపు తిరిగాడు.

"అప్పా, ఈ అమ్మని ఏ ఇంటికిచ్చినారు, ఆళ్లదేటి కులం అని ఈ వీధిలో ఎవులైనా అడిగినారా?"

"లేదు."

"పిల్లొచ్చిందని తలుపులు తీసీసినారు. అంతే కదా."

"అంతే."

కొంతసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "జయని ఓసారి సూడాలప్పా," అన్నాడు.

అది అమావాస్య కాదు. ఆ పేరు విని, మందుగ్లాసు పట్టుకొని వస్తున్న సాయిసుధ గుమ్మంలోనే ఆగిపోయింది.

నేను మెత్తబడలేదు. "చూసి ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఏటో. తెలీదు. దేవుడి గురించి ఆలోసిస్తన్నాను."

"నీకు దేవుడు ఎప్పుడున్నాడు? సత్రానికి అధ్యక్షుడివి, గుడికి ధర్మకర్తవి. అంతవరకే కదా."

"అదే సెప్తన్నాను. ఇన్నాళ్లూ ఆయన ఉన్నా లేకపోయినా నాకొకటే. ఇప్పుడలా కుదర్దు." అతను మాట మాటకూ ఆగుతున్నాడు. "బతికున్న పిల్లకి ఏటేటా నీళ్లొదిలినాను. దేవుడు లేడనుకో, ఆ నీళ్లు నేలమీద పడిపోయినట్టే. ఎనక్కి తియ్యడానికి ఎవుడున్నాడు? ఉన్నాడనుకో, ఆ నీళ్లు దానికి తగలకండా ఎక్కడో ఆపుంటాడు. ఉండాలప్పా. ఆయనుంటేనే నాకు దారి."

ఎనభై ఏళ్లకు దగ్గరపడిన నాకు, విశ్వాసం గురించి అంత సూటిగా మాట్లాడిన మనిషి అంతకుముందు తటస్థపడలేదు. అయినా వరస వరసే. "ఆయన సంగతి తరువాత," అన్నాను. "ముందు ఒప్పుకో. ఎవరి ఎదుట దాన్ని చంపావో వాళ్ల ఎదుట."

అతను కళ్లు మూసుకున్నాడు.

బయటికి వస్తుంటే కిరణ్ నా వెంట వచ్చాడు. గోదాము తాళాలు చేతిలో తిప్పుతూ, "అత్తా, నాన్న అడిగినారు కదా, మీరే ఎల్లి తీసుకొచ్చీండి," అన్నాడు. "సీకటి పడ్డాక కారు గోదాము గుమ్మం కాడ పెడదాం. ఎనకనుంచి ఒచ్చి, సూసి, ఎల్లిపోతారు. ఎవులికీ ప్రాబ్లెమ్ ఉండదు."

"శవాన్ని సైతం వీధి గుమ్మంలోనుంచే తీసుకుపోతారు, కిరణ్," అన్నాను.

మరునాడు పొద్దున్నే గోపాల్‌పూర్ వెళ్లాను. జయ ఇసుకలో పరిచిన వల మీద నెత్తళ్లు తిరగేస్తున్నది. పడవ నీడన కూర్చొని మసేను తెగిన వల కడుతున్నాడు. నన్ను చూడగానే జయ నడుమున చెయ్యిపెట్టుకొని లేచింది.

"ఓలమ్మ, అప్పొచ్చింది! ఏటే ఇంత పొద్దున్నే, ఎండన పడి? ఎవులైనా పోయినారా?"

"ఇంకా లేదు," అన్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె మళ్లీ వంగి చేపలు తిరగేస్తూ విన్నది. నేను ముగించాక కూడా ఒక వరుస పూర్తిచేసి అప్పుడు తల ఎత్తింది.

"నాను సచ్చిపోయినాను గదప్పా. సచ్చినోల్లెల్తే బతికున్నోల్లు జడుసుకుంతారు."

"వేళాకోళం వద్దు, జయా."

"ఏలాకోలమేటి? ఆ గుమ్మంలో నానెల్లి కూకుంతే నాకు అన్నవెడతారా, కాకిని పిలుత్తారా? అది తేల్సుకొచ్చి సెప్పు."

మసేను వల పక్కన పెట్టాడు. "ఒదినమ్మా, ఇది ఏటేటా ఆ అమాసనాడు కంచం ముట్టదు. ఏటే, ఆకలి నేదా అంతే, మాయన్నియ్య పంపించీసినాడు, కడుపు నిండిపోనాది అంతాది. నవ్వుతాది. రెండోనాటిదాకా తిండుండదు."

"నువ్వు నోరు ముయ్యి," అన్నది జయ. కానీ ఆమె నవ్వలేదు. చేతికి అంటిన పొలుసులు చీర కుచ్చెళ్లకు తుడుచుకొని, "కాల్లు వాసినాయా ఆడికి?" అని అడిగింది.

"వాచాయి."

"ఉప్పు మాన్పించండి. ఆవకాయ దాసీమని సెప్పు ఆ కోడల్తో. సిన్నప్పుడూ అంతే, దొంగతనంగా తినీసీవోడు." ఆమె సముద్రంవైపు తిరిగి నిలబడింది. "రావాలనుందప్పా. ఇప్పుడే, ఈ కోకతోనే ఒచ్చీగలను. గాని ఎనకగుమ్మంలోంచి రాను. సచ్చినదానిగా రాను. నన్ను బతికించి పిలవమను, ఒత్తాను."

అందులో అన్యాయమేమీ లేదు. సమస్యల్లా, బతికించడం ఎలాగన్నదే. చంపడానికి తంతు ఉంది, అందరికీ తెలుసు.

అందుచేత పంతులుగారిని పిలిపించాను. ఆనాడు మంత్రం చెప్పినది ఈయన తండ్రి. తమ్ముడి మంచం పక్కనే కుర్చీ వేయించి, కిరణ్‌నూ సాయిసుధనూ ఉండమని, అడిగాను: "బతికున్నవారికి కర్మ చేయించడానికి మీ శాస్త్రంలో విధి ఉన్నప్పుడు, దాన్ని రద్దు చేయడానికీ విధి ఉండి తీరాలి. శిక్ష ఉండి అప్పీలు లేని చోటును న్యాయస్థానం అనరు."

ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. నొచ్చుకోలేదు. "ఉందమ్మా," అన్నారు. "పోయాడనుకొని కర్మ చేశాక మనిషి తిరిగివస్తే ఏం చెయ్యాలో పెద్దలు చెప్పారు. మళ్లీ పుట్టించాలి. నేతికుండలో ముంచి తీసి, స్నానం చేయించి, జాతకర్మ, నామకరణం జరిపించాలి."

"అంటే ఏటండీ?" అన్నాడు కిరణ్.

"బారసాల, బాబూ."

సాయిసుధ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కిరణ్ తండ్రివైపూ నావైపూ చూశాడు. "అరవై దాటిన మనిషికి బారసాలా! పెద్దబజారంతా నవ్వుతాది."

"ఆమెను చంపినప్పుడు పెద్దబజారు భోంచేసింది," అన్నాను. "ఇప్పుడు నవ్వి భోంచేస్తుంది."

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "ఇంకొకటుంది. మళ్లీ పుట్టిన మనిషికి అంతకుముందు జరిగిన పెళ్లి నిలవదు. భర్త ఉంటే అతనికే ఇచ్చి మళ్లీ వివాహం చెయ్యాలి."

నాకు లోలోపల ఒక తలుపు గడియ ఊడినట్టయింది. ఏ పెళ్లికి ఆగ్రహించి దాన్ని చంపారో, దాన్ని బతికించాలంటే ఆ పెళ్లినే తమ చేతులతో చెయ్యాలి! ఇంతకంటె నిక్కచ్చి తీర్పు నేను కూర్చుని రాసినా రాయలేను.

కిరణ్ లేచి నిలబడ్డాడు. "ఇదెక్కడి గొడవండీ! కలిసినామా, నాలుగు మాటలనుకున్నామా, అక్కడితో అయిపోద్దనుకున్నాను. మనం కన్యాదానం సెయ్యడమేటి జాలరోళ్లకి? రేపు సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నా పిల్లకి సంబంధాలొస్తాయా?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది వాడవలసిన పని లేకపోయింది.

"పంతులూ," అన్నాడు నా తమ్ముడు, కళ్లు తెరవకుండానే. "పిల్ల పుట్టినాక పెళ్లి సెయ్యొద్దేటి? ముహూర్తం సూడు."

పంతులుగారు పంచాంగం తీశారు. ముహూర్తం చెప్పాక, ఒక్క ఇబ్బంది ఉందన్నారు: భార్య లేని మనిషి ఒంటరిగా పీటలమీద కూర్చోకూడదు, కొడుకూ కోడలూ కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడగాలి, తమ్ముడు చెయ్యి తాకించి అనుమతి ఇస్తే చాలు. కిరణ్ ఆ మాట విని, చెప్పులు వేసుకొని గోదాములోకి వెళ్లిపోయాడు.

నేను పిలుపులకు బయలుదేరాను. నా నియమం ఒక్కటే: ఆ పన్నెండోరోజు భోజనానికి వచ్చినవారిలో బతికున్న ప్రతివారినీ పిలవాలి. చాలామంది మిగలలేదు. తమలపాకుల వర్తకుడు, కళ్లు సరిగా కనిపించని ముసలాయన, నా గొంతు పట్టి గుర్తుపట్టాడు. విషయం విని చాలాసేపు దవడలాడించాడు.

"మీ సెల్లి దినంలో బూరెలు, భారతమ్మా, ఇప్పటికీ మర్సిపోలేదు. నెయ్యి కారిపోయీది."

"అందుకే పిలుస్తున్నాను. ఆ బూరెలు మీకు ఇంకా అరగలేదు."

ఆయన నవ్వబోయి, ఆపుకొని, "ఒస్తాను తల్లీ. మనవణ్ణి తోడుపెట్టుకొని ఒస్తాను," అన్నాడు.

ముహూర్తానికి ముందురోజు తమ్ముడితో మరొకసారి చెప్పాను: "రేపు అందరి ఎదుటా 'నేను తప్పు చేశాను' అనాలి. మూడు మాటలు."

"నోరాడితే అంటానప్పా," అన్నాడు. ఆడకపోతే ఏమిటన్నది నేను అడగలేదు. అతని పెదవులు అప్పటికే నీలంగా ఉన్నాయి.

ఇంటి ముందు వీధిలోకి పందిరి వేశారు. పొద్దున్నే జయా మసేనూ ఆటో దిగారు. వెనుక వ్యానులో కొడుకులు, కోడళ్లు, మనుమలు. మసేను తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకొని, ఆ ఎండలో చెమటలు కక్కుతున్నాడు. గోదాము దగ్గర బస్తాలు దించుతున్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కిరణ్ వాళ్ల మధ్యన నిలబడి ఉన్నాడు, ఇటు రాలేదు. జయ వీధి గుమ్మం దగ్గరికి వచ్చి, గడపను చూసి ఆగింది. సాయిసుధ ఎదురువెళ్లి ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకువచ్చింది.

నేతికుండ సంగతి విని జయ, "నన్ను ముంచీ కుండ ఏ కుమ్మరోడు సేత్తాడండీ పంతులుగారూ?" అన్నది. ఆయనా నవ్వి, తలకూ ఒంటికీ నెయ్యి తాకిస్తే సరిపోతుందన్నారు. పెరట్లో పీటమీద కూర్చోబెట్టి నీళ్లు నేనే పోశాను. మా అమ్మ దానికి పోసినట్టు, నెత్తిమీద అరచెయ్యి అడ్డం పెట్టి పోశాను.

"పుట్టినోల్లు ఏడవాల గదప్పా. ఏడవమంతావా?" అన్నది, కళ్లు మూసుకొని.

"ఏడవకపోతే వీపుమీద చరుస్తారు," అన్నాను.

ఒకటి చరిచాను కూడా. అప్పుడు ఏడ్చింది. అది నీళ్లలో కలిసిపోయేదాకా నేను చెంబు ఆపలేదు.

పందిరిలో తమ్ముణ్ణి కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరం అతని చేతికిచ్చారు. మొదటి అక్షరం చెదిరిపోతే పంతులుగారు చెయ్యి పట్టుకొని రాయించబోయారు. అతను ఒప్పుకోక, బియ్యం చదునుచేసి, మళ్లీ మొదటినుంచి తానే రాశాడు. నలభై ఏళ్లు ఆ చెయ్యి ఆ పేరును దర్భల మీదికి పంపింది.

"ఇప్పుడు చెవిలో మెల్లగా మూడుసార్లు చెప్పండి," అన్నారు పంతులుగారు.

జయ కుర్చీ పక్కన మోకాళ్లమీద కూర్చొని, తడి ఆరని తెల్లటి తల వంచింది. అతను వంగాడు. వంగి, మెల్లగా చెప్పలేదు.

"జయలక్ష్మి."

"చెవిలోనండీ, లోగొంతుకతో..."

"జయలక్ష్మి," అన్నాడు రెండోసారి, ఇంకా పైకి. పందిట్లో గుసగుసలు ఆగిపోయాయి. మూడోసారి అతను తల ఎత్తి, పీటల వరుసను చూస్తూ, ఉన్న ఊపిరంతా పెట్టి పలికాడు. గోదాము దగ్గర మనుషులు సైతం తలలు తిప్పారు. తమలపాకుల వర్తకుడు పైగుడ్డతో మొహం తుడుచుకోవడం చూశాను.

నేను ఆ మూడు మాటల కోసం వేచి ఉన్నాను. అతను వాటిని అనలేదు. వెనక్కి వాలి, రొప్పు తగ్గాక, చెల్లెల్ని అడిగాడు: "ఇనిపించిందా?"

"ఇనిపించిందన్నియ్యా. సెవుడు నేదు నాకు."

పందిరంతా నవ్వింది. పెద్దబజారు నవ్వుతుందని కిరణ్ భయపడిన నవ్వు అదే కాబోలు. అందులో ఎగతాళి నాకు వినిపించలేదు.

తరువాత పెళ్లి. పంతులుగారు దంపతులను పీటలమీదికి పిలిచారు. సాయిసుధ వచ్చి తన పీటమీద కూర్చున్నది. పక్కది ఖాళీగా ఉంది. ఆమె లేచి, గోదాము గుమ్మం దాకా నడిచి వెళ్లింది. నేను దగ్గరలోనే ఉన్నాను గనుక ఆమె అన్నది విన్నాను.

"రేపు మన పిల్ల ఎవుల్ని సేసుకున్నా, దానికి పిండాలెట్టే పీటమీద నేను కూకోను. ఈ పీటమీదైతే కూకుంటాను. ఒస్తారా, మామయ్యగారినే ఒంగమంటారా?"

కిరణ్ చేతిలోని తాళాలవైపు చూశాడు. వాటిని బస్తామీద పెట్టి, ఆమె వెనుక వచ్చి కూర్చున్నాడు.

పళ్లెం జరిపారు. మసేను కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఉప్పునీళ్లలో నానీ ఎండీ పగిలిన మడమలు. ఒక పాదం మీద ఏదో చేపముల్లు దిగిన పాత మచ్చ. "ఒద్దు బాబూ, నా కాల్లు బాగోవు," అన్నాడు.

కిరణ్ ఒక చేత్తో ఆ చీలమండ పట్టుకొని పళ్లెంలో పెట్టాడు. "ఉంచండి," అన్నాడు. నీళ్లు పోస్తూ, తల ఎత్తకుండా, ఇంకొక మాట చేర్చాడు: "ఉంచండి, మావయ్యా."

మసేను అరచేతుల్లో జయ చేతులు ఉంచారు. నా తమ్ముడి చెయ్యి చెంబును తాకింది. నీళ్లు వదలడం అతనికి అలవాటైన పనే. ఈసారి ఆ నీళ్ల కింద చేతులున్నాయి.

అప్పుడు నేను మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. ఎవరికన్నది నాకు తెలియదు. కానీ లేనివారికి కృతజ్ఞత చెప్పే అలవాటు నాకు ఎన్నడూ లేదు. కనుక ఆ విషయంలో నా పాత అభిప్రాయాన్ని మార్చుకోక తప్పదని అక్కడే, ఆ పందిట్లోనే గ్రహించాను.

భోజనాలయ్యాయి. తమ్ముణ్ణి మంచంమీదికి చేర్చారు. అందరూ తాంబూలాలు తీసుకుంటుండగా వీధి గదిలోనుంచి జయ గొంతు వినిపించింది. శుభకార్యంనాడు ఆడపడుచు గొంతు అలా ఉండకూడదు.

"అమ్మ పోనాదని నాకెవులు సెప్పినారో తెల్సా? సేపలు కొనడానికొచ్చినోడు సెప్పినాడు! బేరమాడతా సెప్పినాడు! నా పెద్దోడు పుడితే ఓ గుడ్డపేలికైనా అంపినావా? ఇదే వీధిలో నాను బుట్ట నెత్తినెట్టుకుని పోతంతే నువ్వు కొట్లోంచి సూసి, మొహం తిప్పీసి, తలుపేయించినావు. నాను సూన్నేదనుకున్నావా? సూసినాను!"

రోగి ఉద్రేకపడకూడదని డాక్టరు చెప్పిన సంగతి గుర్తుచేయడానికి నేను వెంటనే లోపలికి వెళ్లాను. జయ మంచం అంచున కూర్చొని, అతని వాచిన కాలు ఒళ్లో పెట్టుకొని ఒత్తుతూ, ఆ తిట్లు తిడుతున్నది. అతని చెంపలు తడిసి ఉన్నాయి. నన్ను చూసి వేలు ఎత్తాడు.

"తిట్టనీ అప్పా," అన్నాడు. "సచ్చినోళ్లు తిట్టరు."

నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. వస్తుండగా, ఆ తిట్ల మధ్య సందు చూసుకొని అతను ఏదో అనడం, "ఏటీ? ఇనబళ్లేదు, మళ్లీ సెప్పు," అని ఆమె గదమాయించడం చెవిన పడ్డాయి. అక్కడే నిలబడితే అతను రెండోసారి అన్నది స్పష్టంగా వినగలిగేదాన్ని. ఆ మాట కోసమే నేను నలభై ఏళ్లు కాచుకొని ఉన్నాను. కానీ అది నాకు చెప్పవలసిన మాట కాదు. నేను విని ధ్రువపరచవలసిన అవసరమూ కనిపించలేదు. పందిట్లోకి వెళ్లి, సాయిసుధ ఇచ్చిన బూరె తిన్నాను. నెయ్యి ఎక్కువే వేశారు.

ఆనాటినుంచి జయ రోజూ మొదటి బస్సుకు వచ్చి, సాయంత్రం దాకా ఉండేది. వీధి గుమ్మంలోనుంచే రావడం, పోవడం. ఉప్పులేని గంజి తాగనని అతను మారాం చేస్తే కసిరి తాగించేది. మసేను వచ్చినప్పుడు కిరణ్ కుర్చీ వేసేవాడు. మొదట్లో వాళ్లిద్దరూ వానల గురించి తప్ప మాట్లాడుకోలేదు, తరువాత ఒడియాలో ఏదో రాజకీయం వాదించుకోవడం విన్నాను. నా తమ్ముడు ఉదయాన్నే దేవుడి గది తలుపు తీయించి, మంచంమీదనుంచే చేతులు జోడించేవాడు. ఏమని ప్రార్థిస్తున్నావని ఒకసారి అడిగాను. "ఏటీ అడగట్లేదప్పా. ఉన్నారు కదా అని పలకరిస్తన్నాను," అన్నాడు.

అమ్మవారు గుడికి తిరిగి వెళ్లిపోయాక, వేసవి ముదిరిన ఒక ఉదయం, జయ చెంచాతో నీళ్లు పోస్తుండగా అతను వెళ్లిపోయాడు. బాధపడలేదు. ఎవరినో వెదుక్కుంటున్నట్టు కళ్లు తిప్పలేదు. నేను ఎన్నో మరణాలు చూశాను. అంత తేలికగా ఇల్లు ఖాళీచేసిన మనిషిని చూడలేదు. జయ గుండెలు బాదుకొని, "అన్నియ్యా" అని వీధి వినేటట్టు ఏడ్చింది. ఆపమని ఎవరూ అనలేదు. నేను ఆమె వీపుమీద చెయ్యివేసి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పంతులుగారు వచ్చారు. పెద్దబజారు వర్తకులు అరుగుమీద నిండి ఉన్నారు. మైల ఎవరెవరికి వస్తుందో తేల్చడానికి, పీటమీద కూర్చొని, ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అందరి మధ్యనా అడిగారు: పుత్రులెందరు, పౌత్రులెందరు అని.

"పోయినవారికి అక్కచెల్లెళ్లు?"

జయ ఉందని వాదించే ఎన్నో ఏళ్ల అలవాటు చొప్పున జవాబు చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఈలోగా గుండు చేయించుకొని గుమ్మంలో నిలబడ్డ కిరణ్ అందుకున్నాడు.

"ఇద్దరండీ," అన్నాడు. "ఇద్దరూ ఉన్నారు."